సైన్యంలో తోపుల దగ్గర 24 ఏళ్లు పనిచేసిన మా నాయనకు 'మెదడు రక్త పరీక్ష' చేయించాలా?

పలమనేరు అమ్మాయి (ఆదివారం, ఉదయం 6.40)

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చాన్నాళ్లుగా చదువుతా ఉన్నాను, రాయడం ఇదే మొదలు. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా నాయన ఆర్టిలరీలో, అంటే ఫిరంగుల దళంలో, హవల్దారుగా రిటైరయినాడు. 1990లో గోల్కొండ సెంటర్లో ట్రైనింగు, 2014లో ఇంటికొచ్చినాడు. సర్వీసులో ఎక్కువ భాగం తోపుల దగ్గరే. కార్గిల్ అప్పుడు బోఫోర్స్ మీద ఉన్నాడు. ఒంటి మీద ఒక్క గాయం లేదు. తలకు దెబ్బ తగిలి ఆస్పత్రిలో పడుకున్న రోజూ లేదు. ఇప్పుడు 55 ఏళ్లు.

నాలుగేళ్లుగా మనిషి మారిపోతా ఉన్నాడు. మామిడి తోటకు మోటారు వేస్తాడు, ఆపేది మరిచిపోతాడు. కరెంటు పోయేదాకా నీళ్లు పక్కోళ్ల చేలోకి పారతానే ఉంటాయి. అందుకని చొక్కా జేబులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాడు. "మోటారు వేసింది 5.10, ఆపింది 7.35" అని స్కేలుతో గడులు గీసి మరీ రాస్తాడు. ఇప్పుడు ఆ బుక్కు యాడ పెట్టినాడో వెతుక్కునేది ఇంకో పని. చెవుల్లో రాత్రింబవళ్లు జోరీగ మోత. రెండు గంటలు నిద్రపోతే గొప్ప. మా అమ్మ మీద ఏనాడూ గొంతు లేపని మనిషి, ఇప్పుడు చెంబు కింద పడితే కేకలేస్తాడు. కాసేపటికి బయట అరుగు మీద తల పట్టుకుని కూర్చోనుంటాడు.

ఒకటి మాత్రం నా చిన్నప్పట్నుంచీ ఉంది. కుక్కర్ విజిల్ వచ్చేముందు ఆవిరి బుసబుసమంటుంది కదా, ఆ శబ్దం వినపడితే చాలు, నాయన నోరు కొంచెం తెరుస్తాడు. విజిల్ అయిపోయినాక మూస్తాడు. తనకే తెలియదు ఆ సంగతి.

సీటీ తీసినారు, ఎంఆర్ఐ తీసినారు. రెండూ నార్మల్. చూసిన డాక్టరు వయసు, టెన్షన్ అని నిద్రమాత్రలు రాసిచ్చినాడు. "ఎముక ఇరిగింటే పుత్తూరు పోయి కట్టు కట్టించుకొచ్చేవాళ్లం, దీనికి యాడికి పోవాల" అంటుంది మా అమ్మ.

పోయిన వారం చిన్నాయన వాట్సాప్‌లో ఒక ముక్క పంపినాడు. పేలుళ్ల వల్ల సైనికుల మెదడుకు తగిలిన దెబ్బను రక్తంలో కనిపెట్టే పరీక్ష వచ్చిందంట. తిరుపతిలో నేను పనిచేసే స్కూలు దగ్గర ఒక ల్యాబులో అడిగితే, శాంపిల్ బయటికి పంపుతాం, 'బ్రెయిన్ ప్యాకేజీ' ఉంది, ఇరవై వేల పైన అవుతుంది అన్నారు. డబ్బుకు వెనకాడేది లేదు. ఆ పరీక్షతో నిజంగా ఏమన్నా తెలుస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

గన్నర్ సుబేదార్ (ఆదివారం, ఉదయం 7.25)

అమ్మా, మీ నాయన నోరు తెరిచే మాట చదివి ఫోను పక్కన పెట్టేసినాను కాసేపు. నేనూ ఆర్టిలరీనే, చిత్తూరులో ఉంటాను. తోపు పేలే ముందు నోరు తెరవమని మాకు మొదటి రోజే నేర్పిస్తారు. లోపలా బయటా ఒత్తిడి సమానమై గూబ పగలకుండా ఉండేదానికి. చెవిని కాపాడే ఉపాయం అది. తలకాయ సంగతి మాకెవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు.

పరీక్షల సంగతి చదువుకున్నోళ్లు చెప్తారు. నాకు తెలిసింది ఒకటి చెప్తా. ప్రతి తోపుకూ ఒక బుక్కు ఉంటుంది. ఏ రోజు ఎన్ని గుండ్లు వేసినారు, ఏ ఛార్జితో, అంటే ఎంత మందు పెట్టి వేసినారు అని అందులో ఎక్కించాల్సిందే. పెద్ద ఛార్జితో వేసిన గుండు ఒక పూర్తి లెక్క, చిన్న ఛార్జితో వేసింది అందులో కొంత వంతు. అట్లా కూడితే గొట్టం ఎంత అరిగిందో తెలుస్తుంది. లెక్క దాటితే గొట్టం మార్చేస్తారు. ఇనుముకు అంత జాగ్రత్త! ఆ గొట్టం పక్కన నిలబడినోడు ఎన్ని గుండ్ల ఒత్తిడి తిన్నాడో నేను చేసిన కాలంలో ఏ బుక్కులోనూ లేదు.

కార్గిల్‌లో మన ఆర్టిలరీ మొత్తం రెండున్నర లక్షల గుండ్లు, రాకెట్లు వేసిందని లెక్క చెప్తారు. ఆ రెండున్నర లక్షల్లో ప్రతిదాని పక్కనా మనుషులున్నారు తల్లీ.

ల్యాబ్ అక్క (ఆదివారం, ఉదయం 9.10)

చెల్లీ, నేను తిరుపతిలో క్లినికల్ బయోకెమిస్ట్రీలో పనిచేస్తాను. నిన్ను ఆ ప్యాకేజీకి పంపేముందు అసలు అది ఏం పరీక్షో చెప్పాలి.

గుండెపోటు అనుమానం వస్తే ట్రోపోనిన్ చూస్తారు కదా. గుండె కండరం దెబ్బతింటే అందులోని ప్రొటీన్ రక్తంలోకి కారుతుంది. మెదడు విషయంలోనూ అదే ఆలోచన. జీఎఫ్ఏపీ అని ఒక ప్రొటీన్ ఉంది, అది ఆస్ట్రోసైట్లు అనే కణాల్లో ఉంటుంది. నాడీ కణాలకు తిండీ తిప్పలూ చూసేవి ఆ కణాలే. రెండోది యూసీహెచ్-ఎల్1, ఇది ఎక్కువగా నాడీ కణాల్లో ఉంటుంది. తలకు దెబ్బ తగిలితే ఈ రెండూ రక్తంలోకి వస్తాయి. వచ్చేది ఎంతనుకుంటున్నావు? ఒక మిల్లీలీటరు రక్తంలో పికోగ్రాములు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. అంత తక్కువను కొలిచే యంత్రాలు వచ్చాకే ఈ పరీక్షలు బయటికొచ్చాయి.

మందులకూ, వైద్య పరీక్షలకూ అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ 2018 ఫిబ్రవరిలో ఈ రెండు ప్రొటీన్ల పరీక్షకు మొదటిసారి అనుమతి ఇచ్చింది. దాని వెనక పరిశోధనకు అక్కడి రక్షణ శాఖే డబ్బు పెట్టింది, మీ చిన్నాయన పంపినదానిలో సైనికుల మాట రావడానికి అదొక కారణం అయుండాలి. 1,947 మంది రక్తం మీద చూశారు. సీటీలో రక్తస్రావంలాంటిది కనిపించినవాళ్లలో 97.5 శాతం మందిని ఈ పరీక్ష పట్టింది. 2024 ఏప్రిల్‌లో చేతిలో పట్టుకునే చిన్న యంత్రం మీద, సిరల్లో తీసిన రక్తంతోనే 15 నిమిషాల్లో తేల్చేదానికి కూడా అనుమతి వచ్చింది.

ఇక్కడ జాగ్రత్తగా చదువు. ఆ పరీక్ష జవాబు చెప్పే ప్రశ్న ఒక్కటే: "ఈ మనిషి తలకు 24 గంటల లోపల దెబ్బ తగిలింది, సీటీ తీయాలా అక్కర్లేదా?" అంతే. ఎందుకంటే ఆ ప్రొటీన్లు రక్తంలో నిలవవు. యూసీహెచ్-ఎల్1 ఎనిమిది గంటలకు బాగా పెరిగి రెండు రోజుల్లో దిగిపోతుంది. జీఎఫ్ఏపీ 20 గంటలకు శిఖరానికి చేరి మూడు రోజులకు బాగా తగ్గుతుంది, వారం దాకా కొంచెం కనిపించొచ్చు. పొయ్యి మీద పాలు పొంగితే మాడు వాసన ఆ పూట ఇల్లంతా ఉంటుంది. 26 ఏళ్ల తర్వాత వంటగదిలో నిలబడి ముక్కు ఎగబీలిస్తే ఏం తెలుస్తుంది?

మీ నాయనకు ఇప్పుడు ఈ రెండూ చేయిస్తే వచ్చే అంకె కార్గిల్ గురించి ఏమీ చెప్పదు.

పలమనేరు అమ్మాయి (ఆదివారం, ఉదయం 9.32)

అక్కా, పాల మాటతో బాగా అర్థమైంది. వాళ్లిచ్చిన కాగితంలో ఎన్ఎఫ్ఎల్ అని ఇంకొకటి ఉంది. "దీర్ఘకాలిక మెదడు నష్టానికి" అని పక్కన రాసినారు. అదేంది?

ల్యాబ్ అక్క (ఆదివారం, ఉదయం 10.05)

అది వేరే కథ, మంచి ప్రశ్న అడిగావు. న్యూరోఫిలమెంట్ లైట్ అంటారు. నాడీ కణం నుంచి పొడుగ్గా సాగే తీగ ఉంటుంది కదా, ఆ తీగ నిలబడడానికి లోపల సన్నని పోగులుంటాయి. తీగ తెగితే ఆ పోగులు కరిగి రక్తంలోకి వస్తాయి. ఇది నిదానంగా పెరుగుతుంది. దెబ్బ తర్వాత పది రోజుల నుంచి కొన్ని వారాల దాకా పెరిగి, నెలల తరబడి ఎక్కువగా ఉండగలదు. అందుకే పాత దెబ్బల మీద పరిశోధన చేసేవాళ్లు దీన్ని ఇష్టపడతారు.

చిక్కేమిటంటే ఇది పేలుడుకు మాత్రమే పెరిగేది కాదు. వయసుతో పెరుగుతుంది. కిడ్నీ సరిగ్గా పనిచేయకపోతే పెరుగుతుంది. షుగరు ఉన్నవాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది. బక్కగా ఉన్నవాళ్లలో ఎక్కువ, లావుగా ఉన్నవాళ్లలో తక్కువ. పక్షవాతం, మతిమరుపు జబ్బు, చేతులు కాళ్ల నరాల జబ్బు, దేనికైనా పెరుగుతుంది. తీగ తెగిందని చెప్తుంది గానీ ఎవరు తెంపారో చెప్పదు.

2013లో న్యూజిలాండ్ సైన్యంలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. మందు పెట్టి తలుపులు పేల్చే శిక్షణలో ఉన్న 21 మందిని రెండు వారాల పాటు చూశారు. రక్తంలో ప్రొటీన్లు బాగా పెరిగినవాళ్లలోనే మెదడు చురుకు పరీక్షల్లో మార్కులు తగ్గాయి, తలనొప్పిలాంటివీ ఎక్కువయ్యాయి. నాకు అందులో నచ్చింది ఏమిటంటే, శిక్షణకు ముందు కూడా రక్తం తీసి పెట్టుకున్నారు. ఎవరి అంకెను వాళ్ల పాత అంకెతోనే పోల్చారు. మీ నాయనకు 1990లో తీసి దాచిన రక్తం లేదు కదా. పోల్చడానికి ఏమీ లేనప్పుడు ఒక్క అంకె ఒంటరిది.

సాపర్ పుంగనూరు (ఆదివారం, మధ్యాహ్నం 1.15)

అక్క చెప్పిందంతా సరే. కానీ నేను ఒప్పుకోను. నేను మద్రాస్ సాపర్స్‌లో 17 ఏళ్లు చేసినాను. మందుపాతరలు తీసే పని, పేల్చే పని. బయటికొచ్చేటప్పుడు, వైకల్య పింఛను సంగతి చూసే మెడికల్ బోర్డు ముందర తలనొప్పి, మరుపు అని చెప్పుకున్నాను. కాగితం మీద ఏం రాసినారో తెలుసా? "సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల పెరిగిందీ కాదు." ఎందుకు? స్కానింగు నార్మలు, గాయం రిపోర్టు లేదు. కాలు పోయినోడికి కాలు చూపిస్తే చాలు. నేనేం చూపించాల? తల కోసి చూపించాల్నా?

ఏదో ఒక అంకె ఉంటే కదన్నా మాట వినేది. సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్‌కు, చెన్నై బెంచికి పోయినా కాగితమే అడుగుతారు. ఇరవై వేలు కాదు, యాభై వేలయినా చేయించు చెల్లెమ్మా అంటాను నేను. ఎక్కువ వచ్చిందంటే అదే నీ సాక్ష్యం.

న్యూరో పీజీ (ఆదివారం, మధ్యాహ్నం 2.50)

సాపర్ గారూ, మీ బాధ చదివి ఊరికే జవాబు రాయబుద్ధి కాలేదు, డ్యూటీ అయ్యాక కూర్చుని రాస్తున్నాను. నేను న్యూరాలజీలో పీజీ చేస్తున్నాను. మా పెదనాన్న కూడా ఫౌజీనే.

ఎక్కువ వస్తే సాక్ష్యం అన్నారు. నార్మల్ వస్తే? నార్మల్ వచ్చే అవకాశమే చాలా ఎక్కువ, దెబ్బ నిజంగా ఉన్నా సరే. అప్పుడు ఆ కాగితం మీ ఫైల్లో శాశ్వతంగా కూర్చుంటుంది. రేపు బోర్డులో ఎవరైనా "రక్తంలో కూడా ఏమీ లేదు" అని రాసేస్తారు. ఇప్పుడు మీకు సాక్ష్యం లేదు, అంతవరకే. అప్పుడు మీకు ఎదురు సాక్ష్యం తయారవుతుంది. పోనీ ఎక్కువ వచ్చిందనుకోండి, "షుగరు వల్ల", "వయసు వల్ల" అనడానికి వాళ్లకు దారి ఉంది. ఈ పరీక్షను పాత పేలుళ్ల దెబ్బ నిర్ధారణకు ఎఫ్‌డీఏ కూడా అనుమతించలేదు. మీరు రెండు రకాలుగానూ ఓడిపోయే పరీక్షకు మీ చేతి డబ్బు పెట్టవద్దు.

స్కానింగు నార్మల్ అంటే దెబ్బ లేదని కాదు, ఈ మాట మాత్రం నేను ఎక్కడైనా నిలబడి చెప్తాను. తలకు దెబ్బ తగిలి సీటీ నార్మల్ వచ్చిన 450 మందికి అమెరికాలో ఎంఆర్ఐ తీస్తే 120 మందిలో గాయం బయటపడింది. వాళ్లలో జీఎఫ్ఏపీ కూడా ఎక్కువగా ఉంది. ఇక ఎంఆర్ఐకి కూడా అందనివి ఉన్నాయి. 2016లో డేనియల్ పెర్ల్ బృందం, పేలుళ్లకు గురై తర్వాత చనిపోయిన సైనికుల మెదళ్లను సూక్ష్మదర్శిని కింద చూసింది. మెదడులో బూడిద పదార్థం, తెల్ల పదార్థం కలిసే అంచుల్లో, రక్తనాళాల చుట్టూ, లోపలి ద్రవపు గదుల గోడల్లో సన్నని మచ్చలు కనిపించాయి. ఆ మచ్చలు కట్టినవి ల్యాబ్ అక్క చెప్పిన ఆస్ట్రోసైట్లే. ఒత్తిడి తరంగం సాంద్రత మారే చోట ఎక్కువ దెబ్బ తీస్తుంది, అందుకే ఆ అంచులు. ఆ చూపు ఇప్పటికీ చనిపోయాక మాత్రమే సాధ్యం.

1915లో చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు లాన్సెట్‌లో 'షెల్ షాక్' అనే మాట రాసినప్పటి నుంచీ ఇదే తగువు. మెదడుకు దెబ్బ తగిలిందా, మనసు చెదిరిందా అని. నూట పదేళ్లు దాటింది. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, చాలామందిలో ఉంటాయి కూడా.

సాపర్ పుంగనూరు (ఆదివారం, మధ్యాహ్నం 3.20)

నార్మల్ వస్తే ఎదురు సాక్ష్యం అవుతుందనే మాట నాకు తట్టలేదు డాక్టరు గారూ. నేను ఈ నెలలో చేయించేవాణ్ని. మరి మాలాంటోళ్లు ఏం చేయాల? ఊరికే కూర్చోవాల్నా?

కుప్పం క్వారీ (ఆదివారం, సాయంత్రం 4.05)

నేను సైన్యం కాదు. కంకర క్వారీలో తూటాలు పెట్టే పని, పన్నెండేళ్లు. మధ్యాహ్నం ఒక రౌండు, సాయంత్రం ఒక రౌండు. నాకూ చెవుల్లో మోత ఉంది. నాకు కూడా ఇట్లా అవుతుందా అన్నా?

గన్నర్ సుబేదార్ (ఆదివారం, సాయంత్రం 4.40)

తమ్ముడూ, భయపడొద్దు, కానీ పట్టించుకో. తోపు దగ్గర మేం గొట్టానికి నాలుగడుగుల్లో ఉంటాం. నువ్వు సైరన్ వేసి దూరం పోయి నొక్కుతావు. దూరం రెట్టింపయ్యేసరికి ఒత్తిడి సగానికి మించి పడిపోతుంది. పైగా మీ మందు రాతి బొక్కలో పూడ్చి ఉంటుంది. నీకు ప్రమాదం ఎప్పుడంటే, పేలకుండా మిగిలినదాని దగ్గరికి తొందరపడి పోయినప్పుడు, పెద్ద బండరాళ్లను పైన మందు పెట్టి పగలగొట్టినప్పుడు, రాతి గోడకు ఆనుకుని దాక్కున్నప్పుడు. గోడ ఒత్తిడిని తిప్పి కొడుతుంది. బంకర్లో నుంచి వేస్తే మాకు తల దిమ్మెక్కేది అందుకే. చెవులకు మాత్రం రేపే పరీక్ష చేయించుకో.

నిర్వాహకుడు (ఆదివారం, సాయంత్రం 5.00)

మంచి చర్చ. ఒక్క మనవి. ఇప్పుడు సర్వీసులో ఉన్నవాళ్ల యూనిట్ పేర్లు, ఉన్న చోటు, ఆయుధాల లెక్కలు ఇక్కడ ఎవరూ రాయకండి. ఇళ్లవాళ్లు కూడా.

ఫౌజీ ఇల్లాలు, శ్రీకాళహస్తి (ఆదివారం, రాత్రి 8.30)

నిర్వాహకుల మాట చూశాను, వివరాలు రాయను. మా ఆయన ఇప్పుడు సర్వీసులోనే ఉన్నారు, భుజం మీద పెట్టి వేసే పెద్ద రాకెట్ లాంచరు పని. ఫైరింగు రోజుల్లో ఫోను చేస్తే "తల బరువుగా ఉంది, పడుకుంటా" అంటారు. మర్నాటికి మామూలే. నేను పెద్దగా పట్టించుకోలేదు ఇన్నాళ్లూ. పొద్దున్నుంచి ఇది చదువుతుంటే గుండె దడగా ఉంది. ఆయనకింకా తొమ్మిదేళ్ల సర్వీసుంది. ఇప్పట్నుంచే చేసుకోదగ్గది ఏమైనా ఉందా?

న్యూరో పీజీ (ఆదివారం, రాత్రి 10.15)

అమ్మా, ఈ చర్చలో ఎక్కువ మేలు జరగగలిగేది మీకే, ఎందుకంటే మీకు ఇంకా సమయం ఉంది.

ఒత్తిడిని పీఎస్ఐలో కొలుస్తారు, టైరులో గాలి కొలిచినట్టే. నాలుగు పీఎస్ఐ దాటకుండా చూసుకోవాలని అమెరికా సైన్యం ఒక హద్దు పెట్టుకుంది. భుజం మీద పెట్టి వేసే 84 ఎంఎం కార్ల్ గుస్తాఫ్‌తో శిక్షణలో రోజుకు ఆరు గుండ్లకు మించి వేయకూడదని వాళ్ల నియమం. 2024 ఆగస్టులో ఇంకో ఉత్తర్వు వచ్చింది, కొత్తగా చేరే ప్రతివారికీ మొదట్లోనే జ్ఞాపకశక్తి, చురుకు పరీక్ష చేసి ఆ మార్కులు దాచిపెట్టాలని. తర్వాత తేడా వస్తే పోల్చుకోవడానికి. పొద్దున ల్యాబ్ అక్క అన్నది అదే.

మీ ఆయన చేయగలిగింది, ఒక డైరీ. యూనిట్ వివరాలు అక్కర్లేదు. తేదీ, బయట వేశారా గోడల మధ్య వేశారా, ఆ రాత్రి తలనొప్పి ఎంతసేపు ఉంది, చెవి మోత ఎంతసేపు ఉంది, వాంతి వచ్చిందా, వెలుతురు చూడలేకపోయారా. "మర్నాటికి మామూలే" అనేదాన్ని కూడా రాయాలి. తల దిమ్మెక్కిన రోజున యూనిట్ ఎంఐ రూముకు (వైద్యం చూసే గది) వెళ్లి పుస్తకంలో పేరు రాయించుకోవాలి. ఇది నామోషీ అనుకుంటారు మనవాళ్లు, అక్కడే మోసపోతున్నారు. ఆ ఒక్క వరుస ఇరవై ఏళ్ల తర్వాత ఏ రక్త పరీక్ష కన్నా విలువైనది. హెల్మెట్ ఉంది కదా అనుకోవద్దు. రాయి, తూటా ముక్క ఆపుతుంది గానీ ఒత్తిడి తరంగం దాని అంచు కిందనుంచి కూడా దూరుతుంది.

ఇప్పుడు పలమనేరు అమ్మాయి గారి నాన్నగారి విషయం. సాపర్ గారూ, ఇది మీకు కూడా.

ఇరవై వేల ప్యాకేజీ వద్దు. మామూలు రక్త పరీక్షలే కొన్ని చేయించండి, ఇవి నిజంగా పనికొస్తాయి. మెదడు అడుగున వేలాడుతూ పిట్యూటరీ గ్రంథి ఉంటుంది, సన్నని కాడకు కట్టిన శనగగింజంత. తల అదిరినప్పుడు ఆ కాడ దెబ్బతింటుంది. 2012లో అమెరికాలో, పేలుళ్లలో తల అదిరిన 26 మంది మాజీ సైనికుల రక్తం చూస్తే 11 మందిలో ఆ గ్రంథి హార్మోన్లు ఏదో ఒకటి తేడాగా ఉంది. ఆ లోపం ఉన్నవాళ్లకు అలసట, మరుపు, చిరాకు, నిద్ర లేకపోవడం, దిగులు. అచ్చం ఈ చర్చ మొదట్లో రాసిన లక్షణాలే! హార్మోన్ లోపం తేలితే మందు ఉంది. అందుకే దీని మీద నేను ఇంత పట్టుబడుతున్నాను.

పొద్దున ఎనిమిదింటికి పరగడుపున హార్మోన్ పరీక్షలు: కార్టిసాల్, టెస్టోస్టిరాన్, ఐజీఎఫ్-1. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ ఒక్కటే రాస్తే ఊరుకోకండి, ఫ్రీ టీ4 కూడా అడగండి. పిట్యూటరీయే దెబ్బతిన్నప్పుడు టీఎస్‌హెచ్ నార్మల్‌గా కనిపించి మోసం చేస్తుంది. బీ12, షుగరు, కిడ్నీ ఎలాగూ చూడాలి. వీటిని చదవాల్సింది ఎండోక్రైనాలజీ (హార్మోన్ల వైద్యం) వాళ్లు, తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో ఆ విభాగం ఉంది. చెవుల పరీక్ష తప్పనిసరి. మాట సగమే వినపడేవాడు సగమే గుర్తుపెట్టుకుంటాడు, ఇంట్లోవాళ్లు దాన్ని మరుపు అనుకుంటారు. రాత్రి గురక పెట్టి ఊపిరి ఆగుతోందా అన్నది అమ్మగారిని అడగండి. ఊపిరి ఆగే జబ్బు ఉంటే కొన్ని నిద్రమాత్రలు చెడు చేస్తాయి. అలాగని మాత్రలు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు, రాసినవారినే అడగండి.

కోపం, అరుగు మీద తల పట్టుకోవడం. ఇది కూడా వైద్యం ఉన్నదే. 14416 మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు, ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడతారు. సిగ్గుపడాల్సింది లేదు.

ల్యాబ్ అక్క (ఆదివారం, రాత్రి 10.40)

డాక్టరు గారికి ఒక్క చిన్న చేర్పు. రక్త పరీక్షలు పనికిరావని ఎవరూ అనుకోకండి. 2025లో తల దెబ్బలను వర్గీకరించడానికి కొత్త పద్ధతి ప్రతిపాదించారు. అప్పటిదాకా రోగి కళ్లు తెరిచాడా, మాట్లాడాడా, కదిలాడా అనే చూసి 'స్వల్పం' అని రాసేసేవారు. కొత్తదానిలో లక్షణాలతో పాటు రక్తంలోని ప్రొటీన్లకూ, స్కానింగుకూ చోటు ఇచ్చారు. నేను ఈ రంగం మీద ఆశతోనే ఉన్నాను. దెబ్బ తగిలిన రోజున, మళ్లీ మళ్లీ, అదే మనిషిలో కొలిస్తే ఇవి చాలా చెప్తాయి. నా గొడవంతా, పరిశోధనలో ఉన్నదాన్ని ప్యాకేజీ చేసి ఒక రిటైర్డ్ హవల్దారు కూతురికి అమ్మడం మీదే.

న్యూరో పీజీ (ఆదివారం, రాత్రి 10.52)

పూర్తిగా ఒప్పుకుంటాను. 2024లో బోస్టన్ వాళ్లు అమెరికా ప్రత్యేక దళాల్లో 30 మందిని తీసుకుని స్కానింగు, రక్తం, జ్ఞాపకశక్తి అన్నీ కలిపి చూశారు. ఎక్కువ పేలుళ్లు తిన్నవాళ్లలో భావోద్వేగాలను అదుపు చేసే ఒక ముందరి భాగంలో తేడా కనిపించింది. అంత చూసిన వాళ్లు కూడా, ఈ దెబ్బను నిర్ధారించే ఒకే ఒక్క పరీక్ష ఇప్పటికి లేదనే రాశారు.

పలమనేరు అమ్మాయి (పదకొండు రోజుల తర్వాత, గురువారం, రాత్రి 9.20)

అందరికీ చెప్పాల్సింది ఉంది. ప్యాకేజీ చేయించలేదు. నాయనను తిరుపతికి పిలుచుకొచ్చి మూడు రోజులు నా దగ్గరే పెట్టుకున్నాను. చెవుల పరీక్షలో కీచుమనే సన్నని శబ్దాలు కుడి చెవికి బాగా పోయినాయి, ఎడమకు కొంచెం నయం. తోపుకు కుడి చెవి పెట్టి నిలబడే పని అంట ఆయనది. మిషను పెట్టుకోమన్నారు. బీ12 చాలా తక్కువ ఉంది, సూదులు మొదలుపెట్టినారు. కార్టిసాల్ బాగానే ఉంది. టెస్టోస్టిరాన్ తక్కువ వచ్చింది, ఇంకో పొద్దున మళ్లీ తీసి చూడాలన్నారు. గురక సంగతి అమ్మను అడిగితే, "మధ్యలో ఊపిరి ఆగిపోతే నేనే భుజం పట్టి కదిలిస్తా, ఎన్నేండ్లుగానో" అనింది. మాకెవరికీ ఎప్పుడూ చెప్పలేదు. నిద్ర పరీక్షకు తేదీ ఇచ్చినారు.

సుబేదార్ మామా, మీరు రాసింది నాయనకు చదివి వినిపించినాను. గొట్టం బుక్కు మాట వినగానే లేచి కూర్చున్నాడు. "ఔను, నేనే రాసేవాణ్ని ఆ బుక్కు" అన్నాడు. మోటారు నోటుబుక్కులో వెనకాల పేజీలు తిప్పి రాయడం మొదలుపెట్టినాడు. ఏ ఏడు, ఏ ప్రాక్టీసు, దాదాపు ఎన్ని గుండ్లు. పొద్దున తిన్నది గుర్తులేని మనిషికి తోపు నంబరు గుర్తుంది! రెండు సాయంత్రాలు కూర్చుని నాలుగు పేజీలు నింపినాడు. 1999 దగ్గరికొచ్చి మే, జూన్, జులై అని మూడు గడులు గీసినాడు. పక్కన అంకె వేయలేదు. పెన్ను పట్టుకుని చాలాసేపు చూసి, మూసేసి జేబులో పెట్టుకున్నాడు.

గన్నర్ సుబేదార్ (గురువారం, రాత్రి 9.45)

ఆ గడులు ఖాళీగానే ఉండనీ తల్లీ, నువ్వు అడగొద్దు. మీ నాయనకు నా నంబరు పంపుతా, నీకు విడిగా మెసేజి పెడతా. మిషను పెట్టుకున్నాక ఫోను చేయమను. అప్పటిదాకా నేనే ఆదివారం పలమనేరు వస్తా, బస్సు గంటన్నరే కదా.

సాపర్ పుంగనూరు (గురువారం, రాత్రి 10.10)

మామా, పలమనేరు పోయేటప్పుడు నాకూ చెప్పు. పుంగనూరు నుంచి నేనూ వస్తా. నేను కూడా ఒక బుక్కు కొన్నాను. మొదటి పేజీలో తేదీ వేసి పెట్టినాను, యాడ మొదలుపెట్టాలో మీ ఇద్దర్నీ అడగాల.

కుప్పం క్వారీ (శుక్రవారం, ఉదయం 6.05)

నేను చెవుల పరీక్షకు సోమవారం పోతా ఉన్నా. మేస్త్రీతో మాట్లాడినా, పెద్ద బండలకు పైన మందు పెట్టేది మానేసి డ్రిల్లు వేసి పగలగొడదాం అని. చూద్దాం అన్నాడు.